ఒక్క చేను పట్టుకోండి: ఉత్తర ఫ్రాన్స్ పల్లె చరిత్ర వెతకడం ఎలా

మా మామగారు చక్కెర దుంపలు, గోధుమ, బంగాళాదుంపలు పండిస్తారు. మా ఊరు సోమ్ డిపార్ట్‌మెంట్‌లో (డిపార్ట్‌మెంట్ అంటే మన జిల్లా లాంటిది), అమియాఁ పట్నానికి తూర్పున సాంతేర్ అనే మైదానంలో ఉంది. నేను కోడలిగా వచ్చిన మొదటి ఏడాది, మార్చి ఆఖర్లో, ఆయన రాత్రి భోజనాల దగ్గర "రేపు గాలిమర చేలో దుంప విత్తనం వేయాలి" అన్నారు. మర్నాడు నేనూ వెంట వెళ్లాను. కనుచూపు మేర చదును నేల. గాలిమర లేదు సరికదా, అక్కడ ఒకప్పుడు ఉండేదని చెప్పే రాయి ముక్క కూడా లేదు.

"మర ఏదీ మామయ్యగారూ?" అని అడిగాను.

"మా తాత కూడా గాలిమర చేను అనే అనేవాడమ్మా. నేనైతే చూళ్లేదు."

ఆ ప్రశ్న వెంటపడి నాలుగేళ్లు తిరిగాను. ఊరి చరిత్ర నాకు అలా తెలిసింది. పెళ్లి వల్లో ఉద్యోగం వల్లో ఈ ప్రాంతపు పల్లెల్లో ఉంటున్న మనవాళ్లు అప్పుడప్పుడు నన్ను అడుగుతుంటారు, ఈ ఊళ్ల సంగతి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి అని. నా జవాబు ఒకటే: రాజుల దగ్గర, యుద్ధాల దగ్గర మొదలుపెట్టకండి. ఒక్క చేనో, ఒక్క ఇల్లో ఎంచుకోండి. దాని వెంట పోతే ఊరు అదే కనిపిస్తుంది. ఫ్రాన్స్‌లో దాదాపు 35,000 కమ్యూన్లు, అంటే మన పంచాయతీల లాంటివి, ఉన్నాయి. వాటిలో ఎన్నో మన హ్యామ్లెట్లంత చిన్నవి. అయినా ప్రతిదానికీ మేయరు ఉంటాడు, మేరీ అనే ఆఫీసు ఉంటుంది, తరతరాల కాగితాలు ఉంటాయి. వెతికేవాళ్లకి ఇంతకంటే అదృష్టం ఏముంటుంది?

ముందు నడవండి

కంప్యూటర్ తెరిచే ముందు రెండు ఆదివారాలు ఊరంతా కాలినడకన తిరగండి. శీతాకాలమైతే మేలు. పంట ఉండదు, చెట్లకి ఆకులుండవు, నేల ఒంపులన్నీ కనిపిస్తాయి. పికార్డీ, అంటే మా ఈ ప్రాంతపు పల్లెల్లో పెరళ్ల వెనక నుంచి ఊరి చుట్టూ ఒక బాట ఉంటుంది, తూర్ ద వీల్ అంటారు. అది ఊరికీ పొలానికీ మధ్య పాత సరిహద్దు. దాని మీద ఒక చుట్టు తిరిగితే ఏది పాత ఊరో, ఏది తర్వాత పెరిగిందో తెలిసిపోతుంది.

గోడలు జాగ్రత్తగా చూడండి. అమియాఁకి పడమటి వైపు ఊళ్లలో ఇప్పటికీ వీధి పక్కన మట్టి, గడ్డి కలిపి మెత్తిన కొట్టాలు కనిపిస్తాయి. ఆ మెత్తును తోర్షీ అంటారు. బండి పట్టేంత పెద్ద గేటు, లోపల వాకిలి, వాకిలి అవతల ఇల్లు. కొట్టం వీధిలోకి, ఇల్లు వెనక్కి, అదీ పికార్డీ రైతు లోగిలి. మా వైపు వస్తే అలాంటివి దాదాపు ఉండవు. ఇళ్లన్నీ ఎర్ర ఇటుక, చర్చి కూడా ఇటుకే, గుమ్మాల మీద 1922, 1924, 1926 అని అంకెలు. ఊరంతా ఒకే దశాబ్దంలో కట్టినట్టు ఉంటే, అది మొదటి ప్రపంచ యుద్ధంలో నేలమట్టమైన ఊరు. ఈ ఒక్క సంగతి ముందే తెలిస్తే తర్వాత ఏ కాగితం దొరుకుతుంది, ఏది కాలిపోయి ఉంటుందన్న అంచనా వస్తుంది.

సాఁ-కాఁతాఁ, కాఁబ్రే వైపు ఊళ్లలో ఇంటి గోడ అడుగున, నేల మట్టానికి, చిన్న కిటికీ కనిపిస్తే ఆగి చూడండి. అది నేతగదికి వెలుతురు దారి. అవిసె నార దారం తడి లేకపోతే పుటుక్కున తెగుతుంది. అందుకే సన్న బట్ట నేసేవాళ్లు నేలమాళిగలో మగ్గం పెట్టుకునేవారు. ముల్కినియే అని వాళ్ల పేరు. వేసవిలో పొలం, చలికాలంలో మగ్గం. ఇది ఉత్త గోధుమల దేశం అనుకుంటే పొరపాటు.

మేరీ, బడి ఒకే భవనంలో ఉంటే అది చాలావరకు 1880ల నాటిది. బడి చదువు ఉచితం, నిర్బంధం చేసిన 1881, 1882 చట్టాల తర్వాత అలాంటివి ఊరూరా లేచాయి. నడిమధ్య మేరీ, ఒక పక్క మగపిల్లలు, మరో పక్క ఆడపిల్లలు. ఆ పంతులే మేరీ గుమాస్తాగా కూడా పనిచేసేవాడు. ఈ పంతుళ్లని గుర్తుపెట్టుకోండి. 1900లో ప్యారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శన కోసం 1899లో సోమ్ డిపార్ట్‌మెంట్ పంతుళ్లు తమ తమ ఊళ్ల మీద చేతిరాతతో చిన్న చిన్న పుస్తకాలు రాశారు. ఊరి నేల, బావులు, పంటలు, ఆచారాలు, అన్నీ. మీ ఊరిది దొరికితే ముందు అదే చదవండి.

పేర్లు రాసుకోండి

ఊరి పేరు చివర "కూర్" ఉంటే, అది ఒకప్పటి జమీందారు లోగిలి చుట్టూ పెరిగిన ఊరని సాధారణంగా అర్థం. 1415 యుద్ధం జరిగిన అజెన్‌కూర్ కూడా ఆ కోవదే. కానీ అసలు సరుకు చేల పేర్లలో ఉంది. "లా మలాద్రెరీ" అంటే కుష్ఠురోగుల్ని ఉంచిన చోటు. "లే వీన్యే" అంటే ద్రాక్షతోటలు, ఇప్పుడు అక్కడ ఒక్క తీగ ఉండదు. "లా జుస్తీస్" అంటే ఉరికొయ్య నిలిపిన మిట్ట. "లె రియే" బీడు. "ల్యారీ" అంటే గొర్రెలు మేసే సుద్ద వాలు. ఈ పేర్లలో కొన్ని పికార్ భాషవి, ఫ్రెంచ్ నిఘంటువులో దొరకవు. ముసలివాళ్లని అడగాలి. మా మామగారు పలికినట్టే తెలుగు లిపిలో రాసుకున్నాను. ఫ్రెంచ్ స్పెల్లింగ్ కంటే అదే నాకు ఎక్కువ పనికొచ్చింది.

కదాస్త్ర్: ఇక్కడ తొందర వద్దు

కదాస్త్ర్ అంటే ఊరి భూముల రికార్డు. ఇదే గుండెకాయ. 1807 సెప్టెంబర్ 15న నెపోలియన్ కాలంలో వచ్చిన చట్టంతో దేశంలోని ప్రతి చేనూ కొలవడం మొదలుపెట్టారు. పని ముగిసేసరికి 1850 దాటింది. మన అడంగల్, ఎఫ్ఎంబీ (పొలం కొలతల పుస్తకం) కలిపి ఊహించుకోండి. మూడు ముక్కలుంటాయి, మూడూ కలిస్తేనే ఉపయోగం.

మొదటిది పటం. ఊరిని అ, ఆ, ఇ అన్నట్టు ఎ, బి, సి సెక్షన్లుగా విడగొట్టి, ప్రతి చేనుకీ నంబరు వేశారు. డిపార్ట్‌మెంట్ ఆర్కైవ్స్ (పాత రికార్డులు దాచే ఆఫీసు) వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. రెండోది ఎతా ద సెక్సియోఁ. నంబరు పట్టుకుని వెళ్తే ఆ చేను యజమాని, విస్తీర్ణం, దుక్కినేలా పచ్చికా తోటా అనే వివరం ఉంటాయి. మూడోది మాత్రిస్. ఇందులో యజమానికి ఒక పేజీ, అంటే ఫోలియో. ఒక చేను చేతులు మారినప్పుడు పాత పేజీలో గీత కొట్టి, ఏ సంవత్సరం, ఏ ఫోలియోకి పోయిందో పక్కన రాస్తారు. ఆ అంకెల వెంట ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి పోతూ ఉంటే తాతల నుంచి మనవల దాకా వస్తారు.

మా గాలిమర చేను అలాగే దొరికింది. పటం మీద సి సెక్షన్‌లో, ఊరికి ఎగువన, చిన్న గుర్తు, కింద నీలి సిరాతో "మూలాఁ", అంటే మర. ఎతా ద సెక్సియోఁలో యజమాని వృత్తి మరవాడు. మాత్రిస్‌లో 1887 దగ్గర మర ఎదురుగా "దెమోలీ", కూల్చేశారు. చేను మాత్రం అదే ఇంటి పేరు మీద ఉండిపోయింది.

చాలా ఊళ్ల మాత్రిస్‌లు ఇంకా ఇంటర్నెట్‌లో లేవు. ఆర్కైవ్స్ రీడింగ్ రూమ్‌కి వెళ్లాల్సిందే. భయపడకండి, టెన్షన్ అస్సలు అక్కర్లేదు. గుర్తింపు కార్డు చూపిస్తే ఉచితంగా రీడర్ కార్డు ఇస్తారు. పెన్ను లోపలికి తేనివ్వరు, పెన్సిల్ పట్టుకెళ్లండి. ఫ్లాష్ లేకుండా ఫోన్‌తో ఫోటోలు తీసుకోవచ్చు. లోపలికి పోగానే "బోఁజూర్" అనడం మాత్రం మరవద్దు. అది అనకుండా ప్రశ్న అడిగితే ఇక్కడ మర్యాద తెలియని మనిషి కింద లెక్క.

జనాభా లెక్కలు

1836 నుంచి 1936 వరకు అయిదేళ్లకోసారి ఇంటింటి జాబితా ఉంది. 1871ది ఒక ఏడాది ఆలస్యంగా 1872లో జరిగింది, యుద్ధం వల్ల 1916ది జరగనే లేదు. వీధి, ఇల్లు, పేరు, వయసు, వృత్తి. 1906 నుంచి పుట్టిన ఊరు, ఎవరి దగ్గర పని చేస్తున్నారన్న వివరం కూడా చేరాయి.

ఒకే కుటుంబాన్ని వరసగా నాలుగైదు లెక్కల్లో చూడండి. 1881లో మా మరవాడి వృత్తి "మెనియే", మర నడిపేవాడు. 1891లో అదే మనిషి "జుర్నలియే", రోజు కూలీ. ఇల్లు కూడా మారింది, ఎగువ దారి నుంచి చెరువు పక్క సందులోకి. కారణం ఆ జాబితాలో రాయలేదు, రాయరు. పట్నాల్లో పెద్ద పిండిమిల్లులు వచ్చాక ఇలాంటి గాలిమరలు ఊరూరా ఆగిపోయిన కాలం అది. ఆ రెండు మాటల మధ్య దూరం చూసిన రోజు నాకు అన్నం సయించలేదు.

పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు

1539 వీలేర్-కోత్రే ఆర్డినెన్స్ (రాజాజ్ఞ) నుంచి చర్చి ఫాదర్లు బాప్తిస్మాలు పుస్తకంలో ఎక్కించాలి. 1667 నుంచి రెండు ప్రతులు రాయమన్నారు, ఒకటి చర్చికి, ఒకటి కోర్టుకి. ఆ రెండో ప్రతి మా వంటి కాలిపోయిన ఊళ్ల పాలిట ప్రాణం. 1792 సెప్టెంబర్ 20 నుంచి ఆ పని చర్చి చేతిలోంచి మేరీకి వచ్చింది. ప్రతి పదేళ్లకీ ఒక పేర్ల పట్టిక కూడా ఉంటుంది, ముందు అందులో చూసుకుంటే సగం శ్రమ తగ్గుతుంది. పుట్టుకలు, పెళ్లిళ్ల రికార్డులు 75 ఏళ్లు నిండాకే అందరికీ తెరుస్తారు, చావులవాటికి అలాంటి గడువు లేదు.

తప్పు జరిగేది తేదీల దగ్గర. పాత రాతలో "7బ్ర్" అంటే ఏడో నెల అని జులై వేసుకోకండి. అది సెప్టెంబర్. ఏడు అనే ఫ్రెంచ్ మాట "సెత్"తో ఆ పొట్టి రాత వచ్చింది. 8 అంటే అక్టోబర్, 9 నవంబర్, రోమన్ పది ఉంటే డిసెంబర్. ఇక ఫ్రెంచ్ విప్లవం నాటి కాలెండర్ అసలు చిక్కు. నెలల పేర్లే వేరు. "14 ప్రెయిరియాల్, సంవత్సరం 4" అంటే 1796 జూన్ 2. ఆ కాలెండర్ 1806 జనవరి 1తో పోయింది. మార్చే పట్టికలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి, నోటి లెక్క కట్టొద్దు. నేను కట్టి, ఒక పెళ్లిని ఏడాది తప్పుగా రాసుకుని, వేరే కుటుంబం వెంట మూడు నెలలు తిరిగాను.

స్మారక స్తంభం ముందు

ప్రతి పల్లెలోనూ ఉంటుంది. చాలావరకు 1920 నుంచి 1925 లోపు నిలబెట్టినవి. పేర్లు ఊరికే చదివి వదిలేయకండి, కాగితం మీదకి ఎక్కించండి. మా ఊరి స్తంభం మీద 23 పేర్లు. 1911 లెక్కల ప్రకారం ఊరి జనాభా 300 దాటలేదు.

పేరు దొరికాక రెండు చోట్ల వెతకాలి. రక్షణ శాఖ వారి "మెమ్వార్ దెజోమ్" వెబ్‌సైట్‌లో, మొదటి యుద్ధంలో ఫ్రాన్స్ కోసం చనిపోయిన 13 లక్షల మందికి పైగా సైనికుల కార్డులున్నాయి. పటాలం పేరు, చనిపోయిన తేదీ, చోటు, కారణం ఉంటాయి. రెండోది డిపార్ట్‌మెంట్ ఆర్కైవ్స్‌లోని మాత్రిక్యుల్ రిజిస్టర్లు, అంటే సైన్యం పేర్ల పుస్తకాలు. ఇరవై ఏళ్లు నిండే ప్రతి కుర్రాడి పేరూ ఉంటుంది, కాబట్టి పుట్టిన సంవత్సరానికి 20 కలిపి వెతకండి. ఎత్తు, జుట్టు రంగు, చదువు ఎంతవరకు అన్నది ఒక్క అంకెలో. 0 అంటే చదవడం రాయడం రాదు, 3 అంటే చదవడం, రాయడం, లెక్కలు వచ్చు.

మరవాడి మనవడు స్తంభం మీద పదకొండో పేరు. 1893లో పుట్టాడు. వ్యవసాయ కూలీ, ఎత్తు 1 మీటరు 64, గోధుమ రంగు జుట్టు, చదువు 3. 1916లో వెర్దన్ దగ్గర చనిపోయాడు. ఊరు అప్పటికి జర్మన్ సైన్యం చేతిలో ఉంది, అవతల నుంచి ఉత్తరం రాదు. చావు ఊరి రిజిస్టర్‌లోకి ఎక్కింది 1920లో. వాళ్లమ్మకి కబురు ఎప్పుడు చేరిందో ఏ కాగితంలోనూ లేదు.

మా ఊరి లాంటి ఊళ్లకి రెండు దెబ్బలు. 1917 ఫిబ్రవరి, మార్చి నెలల్లో జర్మన్ సైన్యం హిండెన్‌బర్గ్ లైన్ అనే తన రక్షణ వరసకి వెనక్కి పోతూ ఇళ్లు కూల్చింది, బావులు పాడుచేసింది, పళ్లచెట్లు మొదలంటా నరికింది. 1918 మార్చిలో మళ్లీ వచ్చింది. ఆ తర్వాతి సంగతి తెలియాలంటే "దొమాజ్ ద గేర్" ఫైళ్లు చూడాలి. 1919 ఏప్రిల్ 17 చట్టం యుద్ధ నష్టానికి పరిహారం హక్కుగా ఇచ్చింది. దానికోసం ప్రతి ఇంటివాళ్లూ పోయిన వస్తువుల జాబితా ఇచ్చారు. నా దృష్టిలో ఇంతకు మించిన చరిత్ర పుస్తకం లేదు. మరవాడి కోడలు ఇచ్చిన జాబితా: ఇనుప మంచాలు రెండు, ఉన్ని పరుపు ఒకటి, మేక ఒకటి, కోళ్లు పన్నెండు, చిలికే కవ్వం, గోడ గడియారం. ఆ గీతల కాగితం మీద పెన్సిల్ చుక్కలు కూడా అలాగే ఉన్నాయి, గుమాస్తా ఒక్కో వస్తువూ సరిచూసుకుంటూ పెట్టినవి.

ఆమె ఊరికి తిరిగి రాలేదు. 1921 లెక్కల్లో ఆ ఇంటి పేరే లేదు. 1923లో చేను ఇంకో ఫోలియోకి మారింది. ఆ ఫోలియో మా మామగారి తాతది.

మన పాఠకులకి ఇంకో మాట. ఈ పొలాల్లో మన దేశపు సైనికులూ ఉన్నారు. పా-ద-కలేలోని నెవ్-షాపెల్ అనే పల్లెలో 1915 మార్చి 10 నుంచి 13 వరకు జరిగిన పోరులో భారత సైనికులు ముందు వరసలో నిలిచారు. సమాధి దొరకని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లతో అక్కడ 1927లో స్మారకం కట్టారు. సోమ్‌లో లోఁగ్‌వాల్ దగ్గరి హై వుడ్ అడవి పక్క గోధుమ చేలల్లో 1916 జులై 14 సాయంత్రం గుర్రాల మీద దూకిన పటాలాల్లో ఒకటి డెక్కన్ హార్స్. దాని మూలం నిజాం కాలపు హైదరాబాద్ కంటింజెంట్. ఆ వైపు వెళ్తే ఆగి చూడండి.

పై నుంచి చూస్తే

ఐజీఎన్ (ఫ్రాన్స్ ప్రభుత్వ పటాల సంస్థ) వారి "రిమోఁతే ల తాఁ" వెబ్‌సైట్‌లో 1950ల నాటి విమానం ఫోటోని, ఇప్పటిదాన్నీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. పాతదాంట్లో రిబ్బన్ల లాంటి సన్న చేలు, కొత్తదాంట్లో దుప్పటి లాంటి పెద్ద కమతాలు. మధ్యలో జరిగింది రెమాంబ్రమాఁ. 1941 మార్చి 9 చట్టంతో ఊపందుకున్న పని, చెల్లాచెదురు చేలని కలిపి ఒక్కచోటుకి మార్చడం. ట్రాక్టర్‌కి సుఖం, కానీ గట్లు, కంచెలు, ఎన్నో దారులు, చేల పేర్లు పోయాయి. అందుకే పాత పటం నంబర్లు ఇప్పటివాటితో కలవవు. కంగారు పడకుండా, చర్చి, చెరువు, కూడలి లాంటి మారని గుర్తుల్ని పట్టుకుని ఒకదాని మీద ఒకటి సరిపెట్టుకోండి.

ఇక్కడ పైన గాలి మోసుకొచ్చిన మెత్తటి మట్టి, కింద తెల్ల సుద్ద. ఎక్కడైనా పునాది తవ్వి ఉంటే సుద్ద పైకి వచ్చి, శీతాకాలపు తడి దుక్కిలో తెల్లగా మెరుస్తుంది. రోజే అగాష్ అనే ఆయన 1960ల నుంచి చిన్న విమానంలో సోమ్ మీద తిరుగుతూ, ఇలాగే పొలాల కింద రోమన్ కాలపు లోగిళ్లు ఎన్నో కనిపెట్టాడు. మేము విమానం ఎక్కలేదు. జనవరిలో వాన వెలిసిన పొద్దున మామగారు, నేను ఎగువ దారి మీద నిలబడి చూస్తే, చేను నడిమధ్య సుమారు పది అడుగుల తెల్ల మచ్చ కనిపించింది. పటం మీద గుర్తుతో సరిపోయింది.

అక్కడ తవ్వొద్దు. మెటల్ డిటెక్టర్‌తో తిరగాలంటే ప్రిఫెక్ట్ (మన కలెక్టరు లాంటి అధికారి) అనుమతి తప్పనిసరి. అంతకంటే ముఖ్యం, ఇక్కడి నేల ఇప్పటికీ ఏటా పేలని గుండ్లని పైకి తెస్తుంది. తుప్పు పట్టిన ఇనుప సొరకాయ లాంటిది కనిపిస్తే ముట్టుకోకండి, కాలితో తన్నకండి. చోటు గుర్తుపెట్టుకుని మేరీకో జాందార్మరీకో (పల్లె పోలీసులకో) చెప్పండి, వాళ్లు నిపుణుల్ని పిలుస్తారు.

మనుషుల దగ్గర

చిన్న ఊళ్లలో మేరీ వారానికి కొన్ని గంటలే తెరుస్తారు, తలుపు మీద వేళలు చూసుకుని వెళ్లండి. పెద్దవాళ్లని అడిగేటప్పుడు ఫోటోనో పటమో తీసుకెళ్లండి. "మీ చిన్నతనం గురించి చెప్పండి" అంటే ఎవరూ చెప్పరు. "ఈ చెరువు ఎప్పుడు పూడ్చారు?" అని అడిగితే మధ్యాహ్నం దాకా చెప్తారు. ఎవరి భూమి ఎవరు కొన్నారు, 1940లో జర్మన్లు ఆక్రమించాక ఎవరు ఎటు ఉన్నారు అన్నవి మొదటి రోజే అడగకండి. ఆ ఇళ్లవాళ్లు ఇంకా పక్కపక్కనే ఉన్నారు.

1923 ఫోలియో సంగతి మామగారికి చెప్పాలా వద్దా అని నేను రెండు వారాలు ఆలోచించాను. చెప్పాను. ఆయన ఫోటోకాపీ చాలాసేపు చూశారు. వాళ్ల తాత ఎవరో యుద్ధ వితంతువు దగ్గర కొన్నారని చిన్నప్పుడు విన్నారట, పేరు మాత్రం ఎవరూ చెప్పలేదట. ఆ కాపీని గాలిమర చేను కాగితాల ఫైల్లో, అన్నిటికంటే పైన పెట్టుకున్నారు.

చివరగా ఒక్క జాగ్రత్త. ఆర్కైవ్స్‌లో ప్రతి పుస్తకానికీ ఒక కోట్, అంటే పిలుపు నంబరు ఉంటుంది. మీకు కావలసిన పేరు తెర మీద కనిపించిన క్షణంలోనే కోట్, పేజీ, మీరు చూసిన తేదీ రాసుకోండి. మరవాడి పెళ్లి రికార్డు నాకు మొదటిసారి రాత్రి పదకొండుకి దొరికింది. పొద్దున చూద్దాంలే అని కంప్యూటర్ మూసేశాను. దాన్ని మళ్లీ పట్టుకోవడానికి అయిదు వారాలు పట్టింది.